బెంగళూరులో వచ్చే తెలుగు ఛానల్ లండన్‌లో ఎందుకు రాదు?

బెంగళూరు తెలుగు ఇళ్లలో టీవీ డిష్ గురించి గట్టి చర్చ ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి నాలుగు నెలలు ఉండబోతున్నారంటే ఒకసారి, ఇంట్లోంచి ఎవరో ఉద్యోగం మీద దుబాయ్‌కో, లండన్‌కో, న్యూజెర్సీకో వెళ్తున్నారంటే ఇంకోసారి. మొదటిసారి అడిగేది, "హైదరాబాద్‌లో ఉన్న బాక్సూ డిష్షూ ఇక్కడికి తెచ్చుకుంటే సరిపోదా?" అని. రెండోసారి, "ఇక్కడి బాక్సు అక్కడికి పట్టుకెళ్తే?" అని. వినడానికి రెండూ ఒకే ప్రశ్న. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ 'అవును'. రెండోదానికి జవాబు 'కాదు', కానీ ఊరు మారితే ఆ 'కాదు'కి కారణమూ మారుతుంది.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. టీవీ తెర మీద కనిపించేది 'సిగ్నల్ లేదు' అనే ఒక్క ముక్కే. దాని వెనక మాత్రం పూర్తిగా వేరు వేరు అడ్డంకులు ఉండొచ్చు. ఉపగ్రహం అసలు మన ఆకాశంలో ఉండకపోవచ్చు. ఉన్నా అది మన వైపు ప్రసారం చేస్తూ ఉండకపోవచ్చు. ప్రసారం అందినా దాన్ని విప్పే అనుమతి మన బాక్సుకు లేకపోవచ్చు. మొదటిది భూగోళం లెక్క, రెండోది ఇంజినీర్ల నిర్ణయం, మూడోది వ్యాపార ఒప్పందం. పెద్ద డిష్ కొంటే తీరే సమస్య ఏదో, ఎంత పెద్ద డిష్ కొన్నా తీరనిది ఏదో తెలియాలంటే ఈ మూడింటినీ విడదీయాలి.

ఆకాశంలో కదలని చుక్క

ఇంటి డిష్‌కు నేరుగా ప్రసారం పంపే డీటీహెచ్ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో ఉపగ్రహం ఒక చుట్టు తిరిగే సమయమూ భూమి తన చుట్టూ తాను తిరిగే సమయమూ ఒకటే కాబట్టి కింద నుంచి చూసేవాళ్లకు అది ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. అందుకే డిష్‌ను ఒకసారి తిప్పి బిగిస్తే చాలు. ఈ ఉపగ్రహాల చిరునామా చెప్పడానికి ఒక్క అంకె సరిపోతుంది: భూమధ్యరేఖ మీద ఏ రేఖాంశానికి పైన ఉందన్నది. టాటా ప్లే వాడేవి 83 డిగ్రీల తూర్పున ఉన్నాయి. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తుంది. ఎయిర్‌టెల్ చాలాకాలంగా 108.2 డిగ్రీల తూర్పును వాడుతోంది.

ఈ కథలో బెంగళూరుకు చోటుంది. 83 డిగ్రీల దగ్గరి జీశాట్-24ను ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉన్న ఇస్రో తయారుచేసింది. 4,180 కిలోల బరువు, కేయూ బ్యాండ్‌లో (ఇంటి డిష్‌లు పట్టే తరంగాల శ్రేణి) 24 ట్రాన్స్‌పాండర్లు, అంటే కింది నుంచి వచ్చిన ప్రసారాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్లింది. దాని సామర్థ్యాన్ని టాటా ప్లే అద్దెకు తీసుకుంది. ఇలాంటి మన భూస్థిర ఉపగ్రహాలు తమ చోటు నుంచి జరిగిపోకుండా కాపలా కాసే ఇస్రో ప్రధాన కేంద్రం కూడా ఎక్కడో లేదు, మంగళూరు వెళ్లే దారిలో హాసన్‌లోనే ఉంది.

ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం ఇంటికి చేరేసరికి ఎంత నీరసంగా ఉంటుందంటే, దాన్ని పోగుచేసి ఒక్క బిందువు మీదకు తేవడమే డిష్ పని. ఆ బిందువు దగ్గర, డిష్ ముందు చేతి చివర ఉండే చిన్న డబ్బాను ఎల్‌ఎన్‌బీ అంటారు. ఉపగ్రహం పంపే 11, 12 గిగాహెర్ట్జ్ తరంగాలు మామూలు కేబుల్లో నాలుగు మీటర్లు కూడా సరిగ్గా ప్రయాణించలేవు. ఎల్‌ఎన్‌బీ వాటిని సుమారు 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌కు దించి కేబుల్లోకి పంపిస్తుంది. అది పనిచేయడానికి కావలసిన కరెంటు సెటాప్ బాక్సు నుంచి అదే కేబుల్లో ఎదురు వెళ్తుంది. వాన నీళ్లు దిగి కేబుల్ చివరి కనెక్టర్‌కు చిలుము పడితే సిగ్నలూ కరెంటూ రెండూ దెబ్బతినేది అందుకే. కొన్ని ఛానళ్లు వస్తూ కొన్ని మాత్రమే పోతుంటే చాలాసార్లు తప్పు ఆకాశంలో ఉండదు, ఆ అంగుళం మేర కనెక్టర్‌లో ఉంటుంది.

బెంగళూరు మారతహళ్లి బాల్కనీ: రెండు ఉపగ్రహాలు, రెండు లెక్కలు

బెంగళూరు 12.97 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి 83 డిగ్రీల ఉపగ్రహం చూడాలంటే దక్షిణం నుంచి కాస్త తూర్పుకు తిరిగి, అంటే ఉత్తరం నుంచి సవ్యంగా 157 డిగ్రీల దిక్కులో, తల దాదాపు 73 డిగ్రీలు పైకెత్తాలి. దాదాపు నడినెత్తి మీదే ఉన్నట్టు. 108.2 డిగ్రీల ఉపగ్రహం వేరే చోట ఉంటుంది: తూర్పు నుంచి కాస్త దక్షిణానికి, 111 డిగ్రీల దిక్కులో, 52 డిగ్రీల ఎత్తున.

ఈ తేడా కాగితం మీద చిన్నది, ఇంటి దగ్గర చాలా పెద్దది. మీ బాల్కనీకి పది మీటర్ల దూరంలో ఎదురు బిల్డింగ్ ఉందనుకుందాం. 83 డిగ్రీల ఉపగ్రహాన్ని అది మరుగుచేయాలంటే మీ డిష్ కంటే సుమారు 34 మీటర్లు, అంటే పదకొండు అంతస్తులు ఎత్తు ఉండాలి. 108.2 డిగ్రీల ఉపగ్రహానికైతే 13 మీటర్లు చాలు, నాలుగంతస్తులు. ఇరుకు వీధుల్లో ఇదే నిర్ణయాత్మకం.

మరి 83 డిగ్రీలదే మేలా? తొందరపడకూడదు. బాల్కనీకి పైకప్పు కూడా ఉంటుంది కదా. డిష్ మధ్యభాగం పై అంతస్తు స్లాబుకు మీటరున్నర కింద ఉందనుకోండి. 73 డిగ్రీల కోణంలో పైకి పోయే చూపు ఆ స్లాబును తప్పించుకోవాలంటే డిష్ బాల్కనీ అంచుకు 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అంటే దాదాపు రెయిలింగ్ మీదో, రెయిలింగ్ బయటో బిగించాలి. 52 డిగ్రీలకైతే మీటరు పైన లోపలికి ఉన్నా పర్వాలేదు. ఎదురు బిల్డింగ్ దగ్గర గెలిచిన ఉపగ్రహం మన స్లాబు దగ్గర ఓడిపోతుంది. ఉత్తరం వైపో పడమర వైపో బాల్కనీ ఉన్న ఫ్లాట్లకైతే ఈ రెండూ లేవు, టెర్రస్ ఎక్కాల్సిందే.

ఇంకొకటి. డిష్ ముఖం చూసి అది ఎటు చూస్తోందో అంచనా వేస్తే తప్పులో కాలేస్తాం. మన ఇళ్ల మీది డిష్‌లు అవి చూసే కోణం కంటే ఇరవై, పాతిక డిగ్రీలు నిటారుగా నిలబడి కనిపిస్తాయి. ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ మీద పడకుండా చేతిని కిందికి పెట్టి చేసిన ఏర్పాటు అది. అందుకే ఎదురింటి గోడ వైపు చూస్తున్నట్టున్న డిష్ నిజానికి ఆ గోడ పైనుంచి ఆకాశంలోకి చూస్తుంటుంది.

ఇప్పుడు హైదరాబాద్ డిష్ సంగతి. అక్కడి నుంచి 83 డిగ్రీల ఉపగ్రహం 165 డిగ్రీల దిక్కులో, 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. బెంగళూరుకు వచ్చేసరికి ఎత్తులో నాలుగైదు డిగ్రీలు, దిక్కులో ఎనిమిది డిగ్రీలు మారింది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మొత్తం కలిపి మూడు డిగ్రీలలోపే. కాబట్టి పాత కోణాల్లోనే బిగిస్తే ఏమీ రాదు. తిరిగి సరిచేస్తే అంతా వస్తుంది, ఎందుకంటే ఉపగ్రహమూ అదే, ప్రసారం దేశమంతటికీ ఒకటే. ఈ డిగ్రీల విలువ దక్షిణాది వాళ్లకు 2010 జూలైలో బాగా తెలిసొచ్చింది. 93.5 డిగ్రీల దగ్గరున్న ఇన్‌శాట్-4బి విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీద ఆధారపడిన చెన్నై సంస్థ సన్ డైరెక్ట్ 91.5 డిగ్రీల దగ్గరున్న మలేసియా ఉపగ్రహం మీసాట్-3కి మారింది. మారింది రెండు డిగ్రీలే. ఇంటింటికీ వెళ్లి డిష్‌లు తిప్పాల్సి వచ్చింది.

వానకు పోయే బొమ్మ, ఎండకు పోయే బొమ్మ

ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో కుండపోత మొదలైన రెండు నిమిషాలకే టీవీ ఆగిపోవడం అందరికీ తెలిసిందే. చెన్నైలో ఇదే అనుభవం అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. కేయూ బ్యాండ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. పెద్ద వాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కేబుల్ ఆపరేటర్లు వాడే పెద్ద డిష్‌లు పట్టేది ఎక్కువగా సీ బ్యాండ్. దాని తరంగం పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు కాబట్టి వానకు అంతగా లొంగదు. అయితే దానికి డిష్ ఎనిమిది, పది అడుగులుండాలి. ఫ్లాట్‌లో ఎక్కడ పెడతాం?

ఇక్కడ డిజిటల్ ప్రసారం స్వభావం ఒకటి అర్థం చేసుకోవాలి. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, మాట గరగరలాడేది, అయినా సీరియల్ నడిచేది. డిజిటల్‌లో ఒక మట్టం దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ మట్టం దిగిందంటే గళ్లు గళ్లుగా విరిగి, ఆ వెంటనే నల్లతెర. అంటే నిన్నటిదాకా బ్రహ్మాండంగా వచ్చిందన్నంత మాత్రాన డిష్ సరిగ్గా బిగించినట్టు కాదు. ఆ మట్టానికి వేలెడు పైన నడుస్తూ ఉండొచ్చు, చిన్న జల్లుకే పడిపోవచ్చు. సెటాప్ బాక్సు మెనూలో కనిపించే రెండు గీతల్లో 'స్ట్రెంత్' అన్నది వచ్చిపడుతున్న మొత్తం శక్తి, అందులో పనికిరాని రొద కూడా ఉంటుంది. 'క్వాలిటీ' అన్నది అందులోంచి సమాచారం ఎంత శుభ్రంగా విడివడుతోందన్నది. డిష్ పక్క ఉపగ్రహం వైపు తిరిగి ఉన్నా మొదటి గీత నిండుగా కనిపించొచ్చు. నమ్మాల్సింది రెండోదాన్ని.

60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 సెంటీమీటర్లది పెడితే పోగుపడే శక్తి రెండుంబావు రెట్లవుతుంది. మామూలు వానల్లో అది కాపాడుతుంది, తుపాను వానలో ఏ ఇంటి డిష్షూ నిలవదు. ఇక మన ఇంటి మీద ఎండ కాస్తున్నా బొమ్మ పోయిందంటే, ప్రసార సంస్థ పైకి పంపే కేంద్రం దగ్గర వాన పడుతూ ఉండొచ్చు.

ఎండకు పోయేది వేరే రకం. మార్చి మధ్యలోనూ, సెప్టెంబర్ చివరా కొన్ని రోజులపాటు సూర్యుడు మన చూపులో సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొదలో ఉపగ్రహం మాట వినపడదు. రోజుకు కొన్ని నిమిషాలే. బెంగళూరులో 83 డిగ్రీల వైపున్న డిష్‌కు అది మిట్టమధ్యాహ్నం దరిదాపుల్లో జరుగుతుంది, 108 వైపున్న డిష్‌కు ఉదయం పదింటి ప్రాంతంలో. ఎవరినీ పిలవనక్కర్లేదు, దానంతటదే సర్దుకుంటుంది.

దుబాయ్, సింగపూర్, లండన్: ఉపగ్రహం కనిపిస్తే చాలదు

ఇప్పుడు అదే 83 డిగ్రీల ఉపగ్రహాన్ని పట్టుకుని విదేశాలకు వెళ్దాం.

లండన్‌తో మొదలుపెడితే తేలిక. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, భూమధ్యరేఖ మీద ఉపగ్రహానికి సరిగ్గా కిందున్న బిందువు నుంచి సుమారు 9,000 కిలోమీటర్లు దాటితే ఉపగ్రహం దిగంతం కిందికి వెళ్లిపోతుంది. లండన్ ఆ బిందువుకు 9,500 కిలోమీటర్ల దూరంలో ఉంది. న్యూజెర్సీ భూమికి దాదాపు అవతలి వైపే. అక్కడ మన డిష్ ఎటు తిప్పినా మధ్యలో భూమి అడ్డం. డిష్ పరిమాణం, ఎల్‌ఎన్‌బీ నాణ్యత, బిగించేవాడి నేర్పు, ఏవీ లెక్కలోకి రావు. లండన్ ఇళ్ల మీద కనిపించే డిష్‌లు 28.2 డిగ్రీల తూర్పున్న వేరే ఉపగ్రహాల కోసం, వేరే సంస్థల ఛానళ్ల కోసం పెట్టినవి. వాటికి మన బాక్సు తగిలిస్తే దానికి ఆ భాష తెలియదు.

సింగపూర్ ఇందుకు పూర్తి విరుద్ధం. అక్కడ 83 డిగ్రీల ఉపగ్రహం పడమటి దిక్కున 66 డిగ్రీల ఎత్తున హాయిగా ఉంటుంది. అయినా రాదు. ఎందుకంటే ఉపగ్రహం తన శక్తిని నలుదిక్కులా వెదజల్లదు. దాని యాంటెన్నా ప్రసారాన్ని ఒక ఆకారంలో మలిచి కిందికి పంపుతుంది. దాన్నే బీమ్ అంటారు. భారతదేశానికి అమ్మే సేవ కాబట్టి బీమ్‌ను భారతదేశం మీద కేంద్రీకరిస్తారు. 60 సెంటీమీటర్ల చిన్న డిష్‌తో మన ఇళ్లలో బొమ్మ రావడానికి కారణం ఈ కేంద్రీకరణే. అదే శక్తిని ఆసియా అంతటా పరిస్తే సింగపూర్‌లో కొద్దికొద్దిగా వచ్చేదేమో, బెంగళూరులో మాత్రం మిద్దె నిండా డిష్ కావాల్సి వచ్చేది. మన బాల్కనీ సుఖం, వాళ్ల సింగపూర్ లోటు ఒకే నిర్ణయానికి రెండు ముఖాలు.

దుబాయ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అందుకే అక్కడి గురించి వాదనలు తెగవు. ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున 47 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. బీమ్ అంచు కత్తితో కోసినట్టు సరిహద్దు దగ్గర ఆగిపోదు, బలం తగ్గుతూ సముద్రం దాటి కొంత ఒలుకుతుంది. ఆ ఒలికినదాన్ని మీటరు పైబడిన డిష్‌తో పట్టే ప్రయత్నాలు గల్ఫ్‌లో ఏళ్లుగా జరుగుతున్నాయి. 60 సెంటీమీటర్ల స్థానంలో 120 సెంటీమీటర్ల డిష్ పెడితే నాలుగు రెట్లు శక్తి పోగవుతుంది మరి. ఒక ఉపగ్రహానికి వచ్చినంత మాత్రాన ఇంకోదానికి రాదు, పాత ఉపగ్రహం స్థానంలో కొత్తది వస్తే బీమ్ ఆకారమే మారిపోవచ్చు. 'మా ఫ్రెండ్ రూమ్‌లో వస్తోంది' అన్న మాట నిజమే అయ్యుండొచ్చు, వచ్చే ఏడాదికి పూచీ మాత్రం కాదు.

బొమ్మ అందినా తెరుచుకోని తాళం

డబ్బు కట్టే ఛానళ్లన్నీ గుప్తీకరించి వస్తాయి. వాటిని విప్పే అనుమతి మన బాక్సులోని కార్డుకో చిప్‌కో ఉంటుంది. ఆ అనుమతి ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. ఉపగ్రహ ప్రసారంలోనే, ఛానళ్లతో పాటుగా, 'ఫలానా నంబరు కార్డుకు ఫలానా ఛానళ్లు' అన్న సందేశాలు నిరంతరం వస్తుంటాయి. రీఛార్జ్ చేశాక బాక్సు ఆన్‌లో ఉంచమని చెప్పేది ఆ సందేశం అందుకోవడానికే. ఒక్కో సంస్థది ఒక్కో గుప్తీకరణ కాబట్టి ఒకరి బాక్సు ఇంకొకరికి పనికిరాదు. ఒకే బాక్సు ఏ సంస్థ ప్రసారానికైనా పనిచేసేలా చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. ఆచరణలో ఇంటికి కొత్త సంస్థ వస్తే కొత్త బాక్సు రావడమే ఇప్పటికీ మామూలు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ఈ మూడో అడ్డంకి ప్యాక్ రూపంలో ఎదురవుతుంది. ఇక్కడ కనెక్షన్ తీసుకుంటే మామూలుగా కన్నడ ప్యాక్ చేతిలో పెడతారు, అది న్యాయమే, ఇది కర్ణాటక. ట్రాయ్ కొత్త విధానం 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక ఏ ఛానల్‌కు ఆ ఛానల్ ధర ప్రకటించి విడిగా అమ్మడం తప్పనిసరి అయింది. దాంతో ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు కావాలంటే వాటినే ఎంచుకునే వీలు ఏ రాష్ట్రంలో ఉన్నవాళ్లకైనా దొరికింది. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. కావలసినవే కొనుక్కుంటున్నాం అన్నవాళ్లు కొందరు. ఛానళ్ల ధరకు తోడు నెట్‌వర్క్ ఫీజు కలిశాక బిల్లు తగ్గలేదు సరికదా పెరిగిందన్నవాళ్లు ఇంకొందరు. మొదట్లో ఆ ఫీజు 100 ఛానళ్లకు పన్ను కాకుండా 130 రూపాయలు. 2020లో అదే మొత్తానికి 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జూలైలో పరిమితినే తీసేసి సంస్థలకే వదిలేశారు. నా మటుకు, సొంత రాష్ట్రం బయట ఉన్నవాళ్లకు విడి ఎంపిక నిజమైన మేలు చేసిందనిపిస్తుంది. నాలుగైదు భాషలు చూసే కుటుంబానికే అది భారం.

'డబ్బు కడుతున్నాం కదా' అనే వాదన, దానికి ఎదురు వాదన

దుబాయ్‌లో పెద్ద డిష్‌తో బొమ్మ పట్టుకుని, ఇక్కడి పేరు మీద రీఛార్జ్ చేయించుకునేవాళ్ల మాట ఇది: మేం దొంగతనం చేయట్లేదు, ప్రతి నెలా డబ్బు కడుతున్నాం, పైగా మాకు కావలసిన ఛానల్ ఇక్కడ అమ్మేవాళ్లు లేరు, ఉన్నా నాలుగు రెట్లు అడుగుతున్నారు. కార్మికుల క్యాంపులో పదిమంది కలిసి ఒక టీవీ చూసేచోట ఈ మాటను కొట్టిపారేయలేం.

ఎదుటివైపు కారణాలూ ఊహల్లోవి కావు. డీటీహెచ్ లైసెన్సు భారతదేశంలో సేవ చేయడానికే ఇస్తారు. ఛానల్ కొన్న హక్కులూ ప్రాంతాలవారీగానే ఉంటాయి. సినిమా వార్తల్లో శాటిలైట్ రైట్స్ ఒకరికి, డిజిటల్ ఇంకొకరికి, ఓవర్సీస్ మరొకరికి అన్న మాటలు మనం రోజూ చదువుతాం. దసరాకు ఒక కొత్త సినిమాను ఇక్కడి ఛానల్ వేస్తే, గల్ఫ్‌లో దాన్ని చూపించే హక్కు వేరే సంస్థ డబ్బిచ్చి కొనుక్కుని ఉంటుంది. క్రికెట్‌ది మరీ కచ్చితం, అక్కడ దేశదేశానికీ హక్కుదారు వేరు. హక్కులు ఇలా ముక్కలుగా అమ్మబట్టే నిర్మాతకు పెట్టుబడి తిరిగొస్తోందన్నది వాళ్ల లెక్క. ఆ ముక్కల మధ్య సందులో పడిపోయిన ప్రేక్షకుడికి న్యాయమైన ధరకు దొరికే దారి ఉండాలన్నది వీళ్ల బాధ. రెండూ నిజమే. కాకపోతే నష్టం పంపకం సమానంగా లేదు: కార్డు ఆపేస్తే ఫిర్యాదు చేసుకోవడానికి దుబాయ్ వినియోగదారుకు ఏ గుమ్మమూ ఉండదు, ఎందుకంటే ఒప్పందం ప్రకారం ఆయన బెంగళూరులోనే ఉన్నాడు.

ఇంటర్నెట్ దారి తీర్చేవి, తీర్చనివి

సక్రమమైన దారులు విదేశాల్లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. అమెరికాలో డిష్ నెట్‌వర్క్ అనే సంస్థ తన సొంత ఉపగ్రహాల మీద తెలుగు ప్యాకేజీలు చాలాకాలంగా ఇస్తోంది, స్లింగ్ అనే సేవ ఇంటర్నెట్ ద్వారా ఇస్తోంది. 2006లో మొదలైన ఇంటర్నెట్ టీవీ సేవ యప్‌టీవీ పుట్టిందే ఇలాంటి ప్రవాసుల కోసం. ఎమిరేట్స్‌లో టెలికం సంస్థలు ఫైబర్ కనెక్షన్‌తో పాటు దక్షిణ భారత ఛానళ్లు ఇస్తాయి. వీటిలో ఏదైనా ఇక్కడి డీటీహెచ్ కంటే ఖరీదే.

అమెరికాలో బాల్కనీకి డిష్ పెట్టుకోవాలంటే ఒక వెసులుబాటు ఉంది. 1996 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌సీసీ (అక్కడి టెలికం, ప్రసార నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం మీటరు లోపు డిష్‌ను అద్దెకున్నవాళ్లు కూడా తమ సొంత వాడకంలోని బాల్కనీలో పెట్టుకోవచ్చు, ఉమ్మడి టెర్రస్ మీద ఆ హక్కు లేదు. బెంగళూరులో ఇలాంటి విషయం సాధారణంగా అసోసియేషన్ మీటింగ్‌లో తేలుతుంది. గోడకు రంధ్రాలు, వాటర్‌ప్రూఫింగ్, ఈదురుగాలికి ఊడిపడే డిష్ అని వాళ్ల అభ్యంతరం. ఒక్క సంస్థ ఉమ్మడి డిష్‌నే అందరికీ ఇస్తే మా ఎంపిక ఏమైందని నివాసుల అభ్యంతరం.

ఉపగ్రహానికీ ఇంటర్నెట్‌కూ అసలు తేడా వీక్షకుల సంఖ్య దగ్గర ఉంది. ఉపగ్రహం ఒకే ప్రసారం పంపుతుంది. పదిమంది చూసినా కోటిమంది చూసినా దానికి ఒకటే. ఇంటర్నెట్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో ప్రతి వెళ్లాలి. అందుకే ఫైనల్ మ్యాచ్ రాత్రి ఆగి ఆగి వచ్చేది ఫోన్లోనే. జాప్యం కూడా అలాగే: తరంగం పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకను పడుతుంది, కోడింగ్‌తో కలిపి కొన్ని సెకన్లు. ఇంటర్నెట్ ప్రసారం ముక్కలుగా కోసి పంపుతుంది కాబట్టి అర నిమిషం దాకా వెనకబడొచ్చు. పక్క ఫ్లాట్‌లో ముందే అరుపులు వినిపించడానికి కారణం ఇదే. ఇక హెచ్‌డీ బొమ్మకు నిలకడగా 5 ఎంబీపీఎస్ పైన కావాలి. ఆ 'నిలకడగా' అన్నదే ముఖ్యం, వంద ఎంబీపీఎస్ ప్లాన్ కూడా వైఫై రెండు గోడలు దాటేసరికి తడబడొచ్చు.

తెలిసినవాళ్ల ద్వారా అమ్ముడయ్యే 'అన్ని భాషలూ, రెండు వేల ఛానళ్లూ' పెట్టెల గురించి కూడా చెప్పాలి. ఎక్కడో ఒక సెటాప్ బాక్సు నుంచి బొమ్మను పట్టి, సర్వర్ ద్వారా మళ్లీ పంచే పద్ధతి వాటిది. చవక, అన్నీ దొరుకుతాయి, అందుకే జనం కొంటున్నారు. హక్కులు లేని ప్రసారం కాబట్టి సర్వర్ మూతపడిన రోజు ఏడాది చందాతో సహా పోతుంది.

ఏ దారి ఎవరికి సరిపోతుందన్నది గడియారం కూడా నిర్ణయిస్తుంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. రాత్రి తొమ్మిదిన్నర సీరియల్ దుబాయ్‌లో ఎనిమిదింటికి వస్తుంది, భోజనాల వేళ. అక్కడ లైవ్‌కు విలువుంది, అందుకే అంత పెద్ద డిష్‌ల తాపత్రయం. అదే సీరియల్ వేసవిలో లండన్‌లో సాయంత్రం ఐదింటికి, న్యూజెర్సీలో మధ్యాహ్నం పన్నెండింటికి. ఆఫీసులో ఉండేవాళ్లకు లైవ్‌తో పనిలేదు, తర్వాత చూసుకునే సౌకర్యం చాలు. కానీ అదే ఇంటికి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలకు మధ్యాహ్నమంతా ఖాళీ. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచి, వెతికి పెట్టుకోవడం కంటే రిమోట్‌లో ఒక నంబరు నొక్కితే వచ్చే ఛానలే వాళ్లకు టీవీ. ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు ధర, ఛానళ్ల సంఖ్య పట్టికలో ఈ విషయం ఎక్కడా కనిపించదు.

ఆ ఆరు నెలలూ ఇక్కడ వాళ్ల ఇంట్లో బాక్సు ఆపేసి ఉంటుంది. తిరిగొచ్చి రీఛార్జ్ చేసి ఆన్ చేయగానే ఛానళ్లు రాకపోతే డిష్ జరిగిపోయిందని కంగారుపడతారు. క్వాలిటీ గీత నిండుగా ఉంటే డిష్ సరిగ్గానే ఉన్నట్టు, పాత అనుమతి గడువు తీరిపోయింది అంతే. కొత్త సందేశం ఉపగ్రహం నుంచి వచ్చేదాకా బాక్సును ఆన్‌లో ఉంచితే, లేదా సంస్థ యాప్‌లో రిఫ్రెష్ అడిగితే, కాసేపట్లో ఛానళ్లు తెరుచుకుంటాయి.